దిగివచ్చిన దొరగారు



విలన్ అనే మాట మనకి కొత్త కాదు. ఇంగ్లీషు అక్షరం ముక్క రానివాళ్ళు కూడా రోజూ వాడే ఇంగ్లీషు మాటల్లో అదొకటి. మన సినిమాల్లో చాలాకాలం విలన్ అంటే ఊరి భూస్వామే. కళ్ళంలో ధాన్యం కాజేస్తాడు, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు, ఆఖరి రీలులో రైతుబిడ్డ చేతిలో దెబ్బలు తింటాడు. 1955లో ‘రోజులు మారాయి’ వచ్చేనాటికే రైతుకీ భూస్వామికీ తెరమీద తగువు మొదలైపోయింది. అయితే ఆ మాట పుట్టినచోటికి వెళ్ళి చూస్తే వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. లాటిన్‌లో విల్లా అంటే పొలాల మధ్య దొరగారి బంగళా, దాని చుట్టూ ఉండే కమతం. ఆ కమతంలో చాకిరీ చేసేవాడు విల్లానుస్. ఆ మాట ఫ్రెంచి నోళ్ళలో నలిగి, 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వాళ్ళ వెంట ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పటి చట్టం లెక్కలో విలన్ అంటే భూమికి కట్టుబడిన వెట్టి రైతు. దొర సెలవు లేకుండా ఊరు విడిచిపోవడానికి లేదు. అంటే మన సినిమాలో హీరో ఎవరో, అసలు విలన్ అతనే.

మరి పాపం ఆ పాలేరు దుర్మార్గుడెలా అయ్యాడు? ఆ మాటని తిట్టుగా వాడే నోరు ఎవరిదో చూస్తే సరిపోతుంది. దొరలు, దొరల కొలువులో ఉన్నవాళ్ళు. వాళ్ళ నోట్లో ముందు పల్లెటూరివాడు, తరవాత మర్యాద తెలియనివాడు, ఆ తరవాత నీచుడు, ఆఖరికి ఎంత ఘాతుకానికైనా తెగించేవాడు. మోటుమనిషిని ఇంగ్లీషువాళ్ళు బూర్ అంటారు. అదీ డచ్చివాళ్ళ రైతే. మన పట్నవాసులు ‘పల్లెటూరి బైతు’ అని నవ్వినట్టే అక్కడా నవ్వారు.

ఎదుటివాణ్ణి చులకన చెయ్యడానికి, వేధించడానికి, పెద్దరికం చెలాయించడానికి ఇంగ్లీషులో ఉన్న మాటలు కొన్నింటిని ఇవాళ మీ ముందు పెడతాను. ఏ మాటని పైనున్నవాడు కిందివాడి మీదికి విసిరాడు, ఏ మాట కిందనుంచి పైకి వెళ్ళి తగిలింది అన్నదే నా ఆసక్తి. చూడబోతే కొన్ని మాటలు దారిలోనే దిశ మార్చుకున్నాయి.

కండిసెన్షన్ అనే మాట చూడండి. ఇవాళ ఎవరినైనా కండిసెండింగ్ అన్నామంటే, ‘ఏదో ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు మాట్లాడతాడు’ అని. లాటిన్ మూలం కూడా అదే చెబుతుంది: దిగిరావడం, నలుగురిలోకి దిగిరావడం. కానీ ఒకప్పుడు ఇది నిండైన మెచ్చుకోలు. దేవుడు మనిషి స్థాయికి దిగివచ్చాడని చెప్పడానికి క్రైస్తవ పండితులు ఈ మాటే వాడారు. మన అవతారం అనే మాటకీ ధాత్వర్థం దిగిరావడమే కదా! 1755లో శామ్యూల్ జాన్సన్ అచ్చువేసిన నిఘంటువులో కూడా ఈ మాటకి నింద అంటలేదు. పై అంతస్తు మనిషి తన ఇష్టంకొద్దీ హోదా పక్కనపెట్టి, తక్కువవాళ్ళతో సమానంగా మసలుకోవడం అన్న అర్థమే ఇచ్చాడాయన.

జేన్ ఆస్టిన్ 1813లో వెలువరించిన ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’ నవలలో కాలిన్స్ అని ఒక పాదిరి ఉంటాడు. లేడీ కేథరిన్ అనే గొప్పింటావిడ దయవల్ల అతనికి ఆ ఊరి చర్చిలో కొలువు దొరికింది. ఇక ఆవిడ కండిసెన్షన్‌ని పొగడడానికి అతనికి నోరు చాలదు. ఆవిడ తనని రెండుసార్లు భోజనానికి పిలిచిందట. పేకాటలో చెయ్యి తక్కువైతే కబురుపెట్టిందట. ఒకసారి స్వయంగా తన ఇంటికి వేంచేసి, మేడమీద అలమరలో చెక్కలు ఎక్కడ కొట్టించుకోవాలో కూడా సెలవిచ్చిందట! ఇదంతా అతను మనస్ఫూర్తిగా, కళ్ళు చెమర్చేంత భక్తితో చెబుతాడు. వినే కథానాయిక ఎలిజబెత్‌కి నవ్వాగదు. చదివే మనకీ ఆగదు. ఒకే మాట కాలిన్స్ చెవికి స్తోత్రం, ఎలిజబెత్ చెవికి వెక్కిరింత.

నా ఉద్దేశంలో ఈ మాట అర్థం మారిన కాలంలోనూ లేడీ కేథరిన్‌లు ఏమీ మారలేదు. అలమర చెక్కల గురించి వాళ్ళు ముందూ సెలవిచ్చారు, తరవాతా సెలవిచ్చారు. మారింది వినేవాళ్ళు. పుట్టుకతో హెచ్చుతగ్గులు సహజమని నమ్మినంతకాలం దొర దిగిరావడం ఉపకారమే. మనుషులంతా సమానం అని 1776లో అమెరికాలో, 1789లో ఫ్రాన్సులో కాగితం మీదికెక్కాక, ‘అయ్యా, తమరు అసలు ఎక్కింది ఎక్కడికి, దిగివచ్చింది ఎక్కడినుంచి’ అనే ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్న పుట్టాక మెచ్చుకోలు మెచ్చుకోలుగా మిగలదు.

పేట్రనైజ్ అనే మాటదీ ఇదే దారి. లాటిన్‌లో పాతెర్ అంటే తండ్రి, దానిలోంచి పాత్రోనుస్, అంటే తండ్రిలా కాచేవాడు, పోషకుడు. కవులకి అన్నంపెట్టి, పుస్తకానికి డబ్బిచ్చి, అంకితం పుచ్చుకునే ప్రభువు. మన లెక్కలో కృతిభర్త. ఈ మాట పరువు తీసిన పెద్దమనిషి మళ్ళీ జాన్సనే. 1747లో, నిఘంటువుకి ప్రణాళిక రాసుకుని, లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ పేర సమర్పించాడు. ఆ ప్రభువు పది పౌన్లు చేతిలో పెట్టి మరిచిపోయాడు. జాన్సన్ వెళ్ళి బయటి గదిలో పడిగాపులు పడ్డాడు, గుమ్మంలోనుంచే వెనక్కి వచ్చాడు. ఏడేళ్ళు గడిచాయి. ఈలోగా భార్య పోయింది. పని మాత్రం ఆగలేదు, నలభైవేలకు పైగా మాటలు పోగయ్యాయి. తీరా పుస్తకం అచ్చుకి సిద్ధమయ్యేసరికి, 1754 చివర్లో, చెస్టర్‌ఫీల్డ్ ఒక పత్రికలో ఆ నిఘంటువుని మెచ్చుకుంటూ రెండు వ్యాసాలు రాశాడు. అంకితం తనకే రావాలని ఆశ అని లోకం అనుకుంది.

1755 ఫిబ్రవరి 7న జాన్సన్ ఒక ఉత్తరం రాశాడు. నీళ్ళలో మునిగిపోతున్నవాణ్ణి గట్టుమీంచి చోద్యం చూసి, వాడు తనంతట తాను ఈదుకుని ఒడ్డెక్కాక చెయ్యందించడానికి వచ్చి అడ్డంపడేవాడినేనా, స్వామీ, పోషకుడంటారు అని అందులో అడిగాడు. అంతటితో ఊరుకోలేదు. నిఘంటువులో పేట్రన్ అన్న మాట దగ్గర, సాధారణంగా వీడు పొగరుతో పోషించి పొగడ్తని ప్రతిఫలంగా పుచ్చుకునే అధముడు అన్న ధోరణిలో అర్థం చెప్పాడు. నిఘంటువులో పగ తీర్చుకున్నవాళ్ళు లోకంలో అరుదు. మన పోతన భాగవతాన్ని ఏ రాజుకీ ఇవ్వకుండా రాముడికి అంకితం ఇచ్చుకున్నాడు. జాన్సన్ ఎవరికీ ఇవ్వలేదు. చెస్టర్‌ఫీల్డ్ ఏంచేశాడో తెలుసా? ఆ ఉత్తరాన్ని బల్లమీద అందరికీ కనబడేట్టు పెట్టుకుని, వచ్చినవాళ్ళకి చదివి వినిపించి, ‘ఎంత బాగా రాశాడో చూడండి’ అని మెచ్చుకున్నాడట. తిట్టినవాడి శైలికి మార్కులు వెయ్యడం కంటే పేట్రనైజ్ చెయ్యడం ఇంకేముంది!

ఇవాళ పోషణ పోయింది, ఆ గొంతు మాత్రం మిగిలింది. డెబ్బై ఏళ్ళావిడ బ్యాంకు కౌంటరు దగ్గర నిలబడితే, లోపల కూర్చున్న కుర్రాడు ‘అమ్మా, ఇది నీకు తెలీదులే, నేను చెప్తాగా’ అంటాడు చూడండి, ఆ గొంతు. అతనికి కోపం లేదు, ద్వేషం లేదు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరుగా చేసి ఉండవచ్చన్న ఊహ అతనికి లేదు, అంతే.

స్నాబ్ మాట తొందరగా చెప్పేస్తాను. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో స్నాబ్ అంటే చెప్పులు కుట్టేవాడు. కేంబ్రిడ్జి విద్యార్థులు దాన్ని పట్టుకుని, విశ్వవిద్యాలయంతో సంబంధంలేని ఊరి జనానికంతా తగిలించారు. కలకత్తాలో పుట్టిన నవలాకారుడు థాకరే 1848లో ‘ది బుక్ ఆఫ్ స్నాబ్స్’ పుస్తకం వేసి దాన్ని తిరగేశాడు. పైవాళ్ళని చూసి చొంగకార్చి, కిందివాళ్ళని చూసి ముక్కు మూసుకునేవాడికి ఆ పేరు స్థిరపడిపోయింది. లాటిన్‌లో ‘గొప్ప వంశం లేనివాడు’ అనే మాటల పొడి అక్షరాలు కలిపితే స్నాబ్ అయిందని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. అది కట్టుకథ.

బుల్లీ మాటైతే మరీ విచిత్రం. పదహారో శతాబ్దంలో అది ముద్దు పిలుపు, ప్రియుణ్ణో ప్రియురాలినో పిలిచే మాట. డచ్చి భాషలో ప్రేమికుడనే మాటనుంచి వచ్చి ఉంటుందంటారు. షేక్‌స్పియర్ నాటకాల్లో స్నేహితులు ఒకరినొకరు ఆప్యాయంగా బుల్లీ అని పిలుచుకుంటారు. భలేవాడు అనే మెప్పు, జబ్బలు చరుచుకునేవాడి దగ్గరికి, అక్కణ్ణుంచి బక్కవాళ్ళమీద చెయ్యి చేసుకునేవాడి దగ్గరికి చేరింది. మనవైపు పేటరౌడీని ‘అన్న’ అని పిలవడం తెలిసినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యం ఉండదు.

శరీరంలోంచి పుట్టిన మాటలూ ఉన్నాయి. సార్కాజం గ్రీకులో మాంసం పీకడం. మన ఎత్తిపొడుపులో పొడుపు లేదూ, అలాగే. ఇన్‌సల్ట్ లాటిన్‌లో మీదికి దూకడం. చులకనగా చూసేవాణ్ణి సూపర్‌సీలియస్ అంటారు, దానికి లాటిన్ మూలం కనుబొమ్మ. ఒక్క కనుబొమ్మ ఎగరేస్తే చాలునన్నమాట, నోరు విప్పనక్కర్లేదు.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైనవి పనివాళ్ళ చేతుల్లోంచి వచ్చిన మాటలు. సభలో వక్త మాట్లాడుతుంటే మధ్యలో లేచి అడ్డంగా ప్రశ్నలు వేసి ఉక్కిరిబిక్కిరి చెయ్యడాన్ని హెక్లింగ్ అంటారు. హెకిల్ అనేది అసలు ఒక పనిముట్టు. చెక్కకి నిలువుగా ఇనప మేకులు బిగించిన పెద్ద దువ్వెన. నార మొక్కని నానేసి, చితక్కొట్టి, ఆ నారని ఈ మేకుల మధ్యనుంచి మళ్ళీమళ్ళీ లాగితే చిక్కు విడిపోయి, పుల్లా పొట్టూ రాలిపోయి, సన్నని పోగు మిగులుతుంది. స్కాట్లండులో డండీ అనే ఊరుంది, తరవాతి కాలంలో మన బెంగాలు జనపనారతో గోనెసంచులు నేసిన ఊరు. ఆ ఊళ్ళో నార దువ్వే కార్మికులు గట్టి రాజకీయ జీవులు. పని జరుగుతుంటే ఒకరు పత్రిక పైకి చదివేవారని, మిగిలినవాళ్ళు వాక్యానికో ప్రశ్న వేసి దాని దుమ్ము దులిపేవారని చెబుతారు. ఎన్నికల అభ్యర్థిని నిలబెట్టి అడిగేయడానికి స్కాట్లండులో ఈ మాటే స్థిరపడింది. టీజ్ కూడా దీని తోబుట్టువే. పాత ఇంగ్లీషులో టీజ్ చెయ్యడమంటే ఉన్ని చిక్కు విడదీసి లాగడం.

ఇంగ్లీషువాళ్ళ ఊహకి మురిసిపోయే ముందు శ్రీకాకుళం జిల్లా పొందూరు వెళ్ళిరావాలి. అక్కడ ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముక పుచ్చుకుని, ఆ సన్నని పళ్ళతో పత్తిని దువ్వుతారు. చెత్తంతా పోయి పట్టులాంటి దూది వస్తుంది. దూదిని అలా విడదీసి శుభ్రం చెయ్యడాన్ని మనం ఏకడం అంటాం. మరి కొత్త సినిమాని పత్రికలు ఏంచేశాయి అంటే? ‘ఏకిపారేశాయి’ అంటాం! డండీవాళ్ళకీ మనకీ ముఖపరిచయం కూడా లేదు. నార దువ్వే చేతులు రెండుచోట్లా ఒకే తీరు మాట పుట్టించాయి.

టీజ్ అనే మాట మాత్రం మన దేశంలో ఒక పాడుపని చేసింది. రోడ్డుమీద ఆడపిల్లల వెంటపడి వేధించడానికి మనవాళ్ళు ఈవ్ టీజింగ్ అని పేరు పెట్టారు. ఈవ్ బైబిల్లోని మొదటి స్త్రీ, టీజింగ్ ఏదో సరదా ఆటపట్టింపు. వినడానికి కాలేజీ నాటకం పేరులా ఉంటుంది. 2012లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో, ఇది అసలు పనిని మెత్తగా చెప్పే పేరని అన్నది. ఈ పేరు పెట్టింది వేధింపు పడ్డవాళ్ళు కాదని వేరే చెప్పాలా? రాగింగ్ కూడా అలాంటి తుంటరి మాటే, ఇంగ్లండు విద్యార్థుల యాస. దానికి చట్టం తేవడానికి ఆంధ్రప్రదేశ్‌కి 1997 దాకా పట్టింది.

ఇప్పుడు బాయ్‌కాట్. చాలామంది దీన్ని బాయ్, కట్ అని విడగొట్టి అర్థం వెతుకుతారు. అది ఒక మనిషి ఇంటిపేరు. కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ ఐర్లండులో, మేయో జిల్లాలో, లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటు, మన భాషలో దివాను. 1880లో పంటలు పోయి కౌలుదార్లు శిస్తు నాలుగో వంతు తగ్గించమన్నారు. పదో వంతు తగ్గిస్తామన్నారు ఇటువైపు. తగువు ముదిరి, ఇళ్ళు ఖాళీ చేయించడానికి నోటీసులు వెళ్ళాయి. ఆ సెప్టెంబరులోనే పార్నెల్ అనే నాయకుడు ఎన్నిస్ సభలో, ఇలాంటివాళ్ళని చెయ్యెత్తి కొట్టకండి, వాళ్ళతో మాటే మానెయ్యండి అని చెప్పాడు. మర్నాటినుంచి అన్నట్టుగా, బాయ్‌కాట్ ఇంటికి పనివాళ్ళు రారు, చాకలి రాదు, కమ్మరి గుర్రానికి నాడా వెయ్యడు, కొట్టువాడు సరుకివ్వడు, ఉత్తరాలు తెచ్చేవాడూ లేడు. పొలంలో దుంపలు మురిగిపోతున్నాయి. ఉత్తరాదినుంచి యాభైమంది కూలీల్ని దింపితే, వాళ్ళకి కాపలాగా వెయ్యిమంది దాకా సైనికులు కావలసివచ్చింది. ఐదువందల పౌన్ల పంట కోయడానికి పదివేల పౌన్లు ఖర్చయిందని ఆనాటి అంచనా. ఈ పనికి పేరేం పెట్టాలి అని ఒక పత్రికా విలేకరి ఊరి పాదిరి ఓమాలీని అడిగాడట. గ్రీకునుంచి వచ్చిన ఆస్ట్రసైజ్ అనే మాట ఉంది గానీ, రైతులకి అది ఎలా అర్థమవుతుంది? ‘బాయ్‌కాట్ చెయ్యడం అందాం’ అన్నాడు పాదిరి. ఆ మాట ఎంత త్వరగా పాకిందంటే, 1907లో స్వదేశీ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చే వేళకి మనకది స్వదేశీ ఆయుధం.

ఇక్కడొక చేదు ఉంది. ఐర్లండు కూలీలు కొత్తగా కనిపెట్టారనుకున్న పని మన పల్లెలకి ఎప్పటినుంచో తెలుసు. దాన్ని వెలి అంటాం. కాకపోతే ఇక్కడ దివాన్ని వెలివేసింది కూలీలు కాదు. కూలి పెంచమన్నందుకో, గుళ్ళోకి వచ్చినందుకో మాలమాదిగ పేటలకి కొట్లో సరుకు, పొలంలో పని, బావిలో నీళ్ళు ఆపింది ఊరిపెద్దలు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2016 జనవరినుంచి అమల్లోకి వచ్చిన సవరణలో, సామాజిక, ఆర్థిక బహిష్కరణ చేరింది, నేరంగా. ఆ చట్టం ఇంగ్లీషు ప్రతిలో ఉన్న మాట బాయ్‌కాటే. కౌలుదార్ల చేతి మాట ఇక్కడ పెత్తందార్ల నేరానికి పేరయింది.

ఇక కొత్త మాటల సంగతి. గ్యాస్‌లైటింగ్ 1938లో పాట్రిక్ హామిల్టన్ రాసిన నాటకంనుంచి వచ్చింది. కథ జరిగేది విద్యుత్తు లేని రోజుల్లో, ఇళ్ళలో గ్యాసు దీపాలు. మొగుడు రోజూ సాయంత్రం బయటికి వెళ్ళినట్టు వెళ్ళి, దొంగదారిన అదే ఇంటి మీది అంతస్తులో చేరి, పాత నగల కోసం వెతుకుతుంటాడు. అక్కడ అతను దీపం వెలిగించగానే, గొట్టంలో గ్యాసు పంచుకోవడంవల్ల కింద భార్య గదిలో దీపం మసకబారుతుంది. పైన అడుగుల చప్పుడు కూడా వింటుందామె. చెబితే, ‘నీకు మతి సరిగా లేదు’ అంటాడు. గోడమీది పటం తనే తీసి దాచి, ‘నువ్వే తీశావు, మరిచిపోయావు’ అంటాడు. ఆమె తన కళ్ళనే అనుమానించే దశకి వస్తుంది. 1944 హాలీవుడ్ సినిమాలో ఆ భార్య పాత్రకి ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ఆస్కార్ అందుకుంది. 2022లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువువాళ్ళు ఆ ఏటి మాటగా దీన్నే ఎంచుకున్నారు. దీపం తగ్గడం నిజమేనని ఆ నాటకంలో భార్యకి చెప్పే మనిషి ఒక పోలీసు అధికారి, అదీ ఉద్యోగం విరమించినవాడు. బయటి సాక్షి ఒక్కడు రావలసివచ్చింది.

పాసివ్ అగ్రెసివ్ మాత్రం పైవాడి కుర్చీలోంచి పుట్టిందే. 1945లో అమెరికా సైన్యంలో మానసిక వైద్యుడు మెనింజర్ ఆధ్వర్యంలో ఒక పత్రం తయారైంది. పై అధికారికి ఎదురు చెప్పకుండా, మూతి ముడుచుకుని, పని సాగదీసి, చేతగానట్టు నటించే సిపాయిల్ని అందులో వర్ణించారు. తరవాత అది మానసిక రుగ్మతల జాబితాకెక్కింది. నాకు ఇక్కడ సిపాయి పక్షాన ఒక మాట అనాలనిపిస్తుంది. కాదు అంటే కోర్టుమార్షల్ చేసేచోట మనిషి ఇంకెలా కాదంటాడు? వంటింట్లో నోరెత్తే వీల్లేని కోడలు గిన్నెలు ఎత్తెత్తి పెట్టడం రోగమా?

ఆఖరిగా మాన్‌స్‌ప్లెయినింగ్. తనకంటే బాగా తెలిసిన ఆడమనిషికి మగవాడు అరటిపండు ఒలిచిపెట్టినట్టు బోధించడం. రెబెకా సోల్నిట్ అనే అమెరికన్ రచయిత్రి ఒక విందుకి వెళ్ళింది. ఇంటాయన, డబ్బున్న పెద్దమనిషి, ఏం రాస్తుంటావు అని అడిగాడు. మైబ్రిడ్జ్ అనే పాతకాలం ఫోటోగ్రాఫర్ గురించి పుస్తకం వేశానని మొదలుపెట్టిందో లేదో, ‘ఈ ఏడే మైబ్రిడ్జ్ మీద చాలా ముఖ్యమైన పుస్తకం ఒకటి వచ్చింది, తెలుసా’ అని అందుకుని దాని గొప్పతనం వర్ణించడం మొదలుపెట్టాడు. పక్కనున్న స్నేహితురాలు, ‘అది ఈవిడ రాసిందే’ అని మూడు నాలుగుసార్లు చెబితే గానీ ఆయన చెవికెక్కలేదు. తీరా చూస్తే ఆయన పుస్తకం చదవలేదు, పత్రికలో సమీక్ష చదివాడు. ఈ కథతో సోల్నిట్ 2008లో ఒక వ్యాసం రాసింది. అందులో ఈ మాట లేదు. చదివినవాళ్ళు తయారుచేశారు. 2018లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చేర్చుకుంది.

సోల్నిట్‌కి మొదట్లో ఆ మాట అంతగా నచ్చలేదు. మగవాళ్ళందరినీ పుట్టుకతోనే ఒక గాటన కట్టేస్తుందేమోనని ఆమె సంకోచం. పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని ఆవిడతో గట్టిగా వాదించింది. మాకందరికీ ఆ మాట ఎంత అవసరమైందో మీకు తెలియదు, జరుగుతున్నది ఏమిటో చెప్పడానికి మా దగ్గర అప్పటిదాకా పేరే లేదు అన్న అర్థం వచ్చేట్టు చెప్పింది. సోల్నిట్ తన అభిప్రాయం మార్చుకుంది.